కౌంటరుకు ఇరువైపులా

(ఆవర్‌పూర్‌లో ఉగాదినాడు తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)

 

ఈ రోజు మన ఇళ్ళలో ఉగాది పచ్చడి, మన మరాఠీ ఇరుగుపొరుగువారి ముంగిళ్ళలో గుడి. వేప మాత్రం ఇరు ఇళ్ళకూ ఒక్కటే. ఇటువంటి ఊరిలో, ప్రభుత్వరంగ సేవాసంస్థల ఉద్యోగుల పనితీరు దేనిమీద ఆధారపడి ఉంటుందో చెప్పమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను అటువంటి సంస్థ ఒకదానిలో ముప్పై ఏళ్ళకు పైగా కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి. అందుచేత నేను చెప్పబోయేది ఫిర్యాదు కాదు. చాలవరకు నా సంజాయిషీ.

ఉద్యోగి సరిగా పనిచేయడం లేదనగానే మనం సోమరితనం అంటాం, లేదా జీతం సంగతి ఎత్తుతాం. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో సహచరులతో కలిసి ప్రచురించిన అధ్యయనంలో ఇంకొక సంగతి చెప్పాడు. జీతం, పనిచేసే చోటు, పై అధికారి తీరు బాగులేకపోతే ఉద్యోగికి అసంతృప్తి కలుగుతుంది. కాని అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు. ఉత్సాహాన్ని పుట్టించేవి పనిలో సాఫల్యం, గుర్తింపు, బాధ్యత. 1980లో మైకేల్ లిప్‌స్కీ అనే రాజనీతిశాస్త్రజ్ఞుడు ప్రజలకు ఎదురుగా కూర్చునే చిన్న ఉద్యోగి గురించి ఒక గ్రంథం వ్రాశాడు. పని కొండంత, సమయం గోరంత అయినప్పుడు ఆ ఉద్యోగి తనకు తోచిన అడ్డదారులు ఏర్పరచుకుంటాడు. ప్రజలకు అందే ప్రభుత్వ విధానం చివరకు ఆ అడ్డదారులే అని ఆయన వాదన.

ఈ రెండు మాటలూ నా అనుభవానికి సరిపోయాయి. కాని సరిహద్దు జిల్లాలో మూడవది ఒకటి ఉన్నది. అది భాష.

నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక గోండు స్త్రీ పాస్‌పుస్తకం పట్టుకొని నా కౌంటరు ముందు నిలిచింది. పుస్తకంలో ఉన్నది మగవాని పేరు. ఆమె ఏదో చెప్పింది. నాకు గోండీ రాదు. డబ్బు తీయడానికి వచ్చిందనుకొని, “ఖాతాదారుణ్ణి వెంటబెట్టుకొని రా” అని మరాఠీలో చెప్పి పంపించాను. మరునాడు వచ్చింది, అదే మాట చెప్పాను. మూడవనాడూ అంతే. నాలుగవనాడు మా అటెండరు ఆమెను ప్రక్కకు పిలిచి గోండీలో మాట్లాడాడు. ఆమె భర్త చనిపోయాడు. ఆ ఖాతా సంగతి ఏం చేయాలో అడగడానికే ఆమె నాలుగు రోజులుగా నడిచి వస్తున్నది. భర్తను పోగొట్టుకున్న మనిషితో, అతణ్ణి తీసుకురమ్మని నేను మూడుసార్లు చెప్పాను.

ఆ మూడు రోజులూ మా రికార్డుల ప్రకారం నేను మంచి ఉద్యోగినే. ఎన్ని లావాదేవీలు ముగించానన్నదే అక్కడ లెక్క. వెనక్కి పంపిన మనిషి లెక్కలోకి రాదు. ఆ అటెండరు చేసిన పని కూడా లెక్కలోకి రాలేదు. సంస్థ దేన్ని లెక్కిస్తుందో ఉద్యోగి దాన్నే చేస్తాడు. వివరించి చెప్పడాన్ని లెక్కించని చోట వివరించేవాడు క్రమంగా కరవవుతాడు.

ఇక మన సంగతి. ఈ ప్రాంతమంతా ఒకప్పటి రాజురా తాలూకా. నిజాం ఏలుబడిలో ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. అప్పుడు కచేరీ భాష ఉర్దూ. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో నాందేడు జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. కచేరీ భాష మరాఠీ అయింది. ఊళ్ళు కదలలేదు, మనుషులు కదలలేదు. కౌంటరు అవతలి భాషే మారింది. 1980లలో ఇక్కడ సిమెంటు కర్మాగారం వెలిశాక పనికోసం వచ్చిన తెలుగువారూ ఈ కౌంటర్ల ముందే నిలుచున్నారు.

మన చిక్కు చాలవరకు పేరులోనే మొదలవుతుంది. మనం ఇంటిపేరు ముందు వ్రాస్తాం. మరాఠీవారు తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వ్రాస్తారు. ‘లత’ను ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు మనం ‘టి’ ప్రక్కన ‘హెచ్’ చేరుస్తాం, వారు చేర్చరు. ‘కొమురయ్య’లోని హ్రస్వ ఒకారానికి దేవనాగరిలో వాడుకలో వేరే అక్షరం లేదు. ఒకే మనిషి ఆధార్‌లో ఒకరు, భవిష్యనిధిలో ఒకరు, బ్యాంకులో మరొకరు అవుతాడు. అతడు బ్రతికి ఉన్నంతకాలం ఇది చిన్న పొరపాటు. పోయిన తరువాత అతని భార్య కుటుంబ పింఛనుకు ఇదే పెద్ద అడ్డంకి. ఆ కాగితాన్ని త్రిప్పి పంపే ఉద్యోగి దుర్మార్గుడు కాకపోవచ్చు. తెలుగు పేర్ల తీరు అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే.

కాబట్టి భాష తెలుగువారికి చేసే దయ కాదు. కౌంటరులో కూర్చున్నవానికి కలమూ కంప్యూటరూ ఎట్లాగో భాషా అట్లాంటి పనిముట్టే. ప్రభుత్వరంగ బ్యాంకుల గుమాస్తా నియామకాలకు స్థానిక భాష తెలిసి ఉండాలన్న నియమం ఉన్నది. ఇక్కడ స్థానిక భాష మరాఠీ, అది న్యాయమే. మన పిల్లలు మరాఠీ చక్కగా నేర్వాలి. కాని సరిహద్దు శాఖలకు ఉద్యోగులను పంపేటప్పుడు తెలుగు, గోండీ, కొలామీ తెలిసినవారిని గుర్తించి పంపాలనీ, ఆ జ్ఞానాన్ని పనితీరు మదింపులో చేర్చాలనీ మనం కోరాలి. రెండు భాషలు వచ్చిన మన బిడ్డ ఈ జిల్లాకు బరువు కాదు, బలం.

మనం చేయవలసినవీ ఉన్నాయి. ఈ పండుగ మరునాడే ఇంట్లోని ఆధార్, భవిష్యనిధి, బ్యాంకు కాగితాలు ముందు పెట్టుకొని పేర్లు సరిచూడండి; నామినీ పేరు మరిచిపోవద్దు. తేడా ఉంటే మనిషి ఉండగానే దిద్దించండి. దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టాన్ని అధికారికి విన్నవించుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ప్రతివారికీ ఇచ్చింది. తెలుగులో విన్నపం వ్రాయండి, మరాఠీ ప్రతి జతచేయండి, ముట్టినట్లు సంతకం తీసుకోండి.

చివరిగా ఒక్క మాట. మీ భాష తెలుసుకొని ఓపికగా పనిచేసిన ఉద్యోగి ఎవరైనా కనిపిస్తే, అతని పై అధికారికి నాలుగు పంక్తుల ఉత్తరం వ్రాయండి. ఫిర్యాదులు వ్రాయడం మనకు వచ్చు. మెచ్చుకోలు వ్రాయడం అలవాటు లేదు. ఆనాటి మా అటెండరు గురించి ఎవరూ ఒక్క అక్షరం వ్రాయలేదు. వ్రాయడం వచ్చిన నేనూ వ్రాయలేదు. అతడు పదోన్నతి లేకుండానే పదవీ విరమణ చేశాడు. ఆ బాకీ తీర్చలేక, మీ ముందు ఈ మాటలు చెప్పుకున్నాను.