చట్టములోను ఒక తలుపున్నది



గంజాయిని అరికట్టుటకు మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో ‘ఈగల్’ అనే పోలీసు విభాగాన్ని ఏర్పాటు చేసింది. అమ్మేవారి సంగతి 1972 నంబరుకు తెలియజేయండి.

అయితే మత్తుకు బానిసైన మన బిడ్డ సంగతేమిటి? వెలిగండ్లలోనైనా, కనిగిరిలోనైనా తల్లిదండ్రులు కేసవుతుందని, పరువు పోతుందని దాచిపెడతారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ ఏమంటుందో వినండి: మత్తు వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసు పడిన బానిస, తానుగా ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స పొందితే శిక్ష నుండి రక్షణ ఉన్నది. మధ్యలో మానివేస్తే ఆ రక్షణ పోవచ్చును.

తప్పిపోయిన కుమారుని తండ్రి దూరమునుండే చూచి పరుగెత్తెను. మీరును దాచక, నేడే 14446కు ఫోను చేయండి. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.