ఫలాఫెల్: నానిన గింజ చెప్పు పాఠము

(పాఠశాల తలిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభయందు హాజరును గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు మాటలాడుట మా వాడుక. ఈ యేడు ఒక వంటకమును గూర్చి చెప్పదలచితిమి. బడిపంతులకు వంటతో నేమి పని యని కొందరు నవ్వుకొనవచ్చును. కాని మన కుటుంబములలో పలువురి బిడ్డలు కువైట్, దుబాయి, మస్కట్టు పట్టణములందు కొలువులు చేయుచున్నారు. మాంసము ముట్టని వారికి అచ్చట చౌకగా కడుపు నింపు తిండ్లలో ఫలాఫెల్ ఒకటి. సెలవులకు వచ్చిన బిడ్డ దానిని కోరును, తల్లి చేయబూనును, ముద్ద నూనెలో పడినంతనే విడిపోవును, లేదా రాయివలె గట్టిపడును. శనగలు మంచివి కావని అంగడివానిని నిందింతుము. దోషము శనగలలో నున్నదా, మనము వానిని వాడు పద్ధతిలో నున్నదా? ఇదియే నేటి విచారణ.

ఫలాఫెల్ అరబ్బు దేశముల వంటకము. ఈజిప్టులో దీనినే తామియా యందురు. కైరో, అలెగ్జాండ్రియా వీధులలో ఉదయమే వేడివేడిగా వేయించి, రొట్టెలో పెట్టి యిత్తురు. అచ్చట దీనికి వాడునది ఫూల్ అను పెద్ద చిక్కుడు జాతి గింజ; పొట్టు తీసి ఎండబెట్టిన బద్దలను వాడుదురు. లెబనాను, సిరియా, పాలస్తీనా, జోర్డాను ప్రాంతములలో కాబూలీ శనగలతో చేయుదురు. కొందరు రెండును కలుపుదురు. ఈజిప్టులోని కాప్టు క్రైస్తవులు మాంసము, పాలు, గ్రుడ్లు విడిచి యుపవాస దీక్షలు సలుపు దినములలో దీనిని విరివిగా తిందురు. ఈ పేరు మిరియమునకు అరబ్బు మాటయగు ఫిల్‌ఫిల్ నుండి వచ్చినదని పలువురు చెప్పుదురు. ఆ ఫిల్‌ఫిల్ మన పిప్పలి నుండి పారసీకము మీదుగా పోయిన మాటయే.

ఇది యెవరి సొత్తు అను వివాదమును లేకపోలేదు. 2008వ సంవత్సరమున లెబనాను పరిశ్రమాధిపతుల సంఘము, ఫలాఫెల్ మొదలగు తమ వంటకములను ఇజ్రాయేలు తనవిగా అమ్ముకొనుచున్నదని వ్యాజ్యమునకు సిద్ధపడుచున్నట్లు ప్రకటించెను. వలస వచ్చిన అరబ్బులు స్థిరపడిన స్వీడను దేశపు మాల్మో పట్టణమున నేడది ఆ యూరి తిండిగనే పేరొందినది. ఫలాఫెల్ దొరకుట నేడు కష్టము కాదు; మంచి ఫలాఫెల్ దొరకుటయే కష్టము.

ఏల కష్టము? ఒక్క మాటలో చెప్పవలెనన్న, గింజను ఉడికించుట వలన. శనగలనగానే ఉడికించవలెనని మనకు తోచును. డబ్బాలలో నమ్ము శనగలును ముందే ఉడికినవి. ఉడికిన గింజలోని పిండిపదార్థము నీటిని పీల్చి, ఉబ్బి, జిగురై తన పని ముగించుకొని యుండును. దానిని రుబ్బి నూనెలో వేసిన, ముద్దను పట్టియుంచు శక్తి మిగులదు. నానిన పచ్చి గింజలోని పిండి యట్లు కాదు. నూనె వేడికి ముద్ద లోపల సుమారు 65, 70 డిగ్రీలు దాటునప్పటికి ఆ పిండి అచ్చటి తడిని పీల్చుకొని అప్పుడు జిగురగును. ఆ జిగురే ముద్దను కట్టి యుంచును. ఇక శనగపిండి, మైదాపిండి కలిపి బలవంతముగా కట్టించినచో, ముద్ద నిలుచును గాని లోపల మెత్తని గుల్లదనము పోవును.

ఈ సంగతిని తొమ్మిదవ తరగతి పిల్లలకు మాటలతో చెప్పక చూపితిమి. పావుకిలో శనగలను ఉడికించియు, మరి పావుకిలో రాత్రియంతయు నానబెట్టియు, ఒకే కొలత దినుసులతో రెండు ముద్దలు చేయించితిమి. వంటామె ఒకే మూకుడులో రెంటిని వేసినది. ఉడికినది నిమిషము లోపలనే నూనెయంతటను చెదరినది. నానినది గుండ్రముగా తేలి ఎర్రబడినది. "ఎందుకండీ?" అని పిల్లలే యడిగిరి. అడిగిన పిదప చెప్పిన పాఠమును మరచిన పిల్లవాడు లేడు.

చేయు విధము క్లుప్తముగా వినుడు. పావుకిలో కాబూలీ శనగలను సమృద్ధిగా నీరు పోసి 12 గంటలకు తక్కువ కాకుండ నానబెట్టవలెను. అవి సుమారు రెట్టింపు తూగును. నీటిని పూర్తిగా వార్చి, గుడ్డపై ఆరనిచ్చి, ఒక ఉల్లిపాయ, నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, రెండు గుప్పెళ్ల కొత్తిమీర, చెంచా జీలకర్ర, చెంచా ధనియాలు, తగినంత ఉప్పు చేర్చి రవ్వవలె రుబ్బవలెను. నీరు పోయరాదు, మెత్తగా కాటుకవలె నూరరాదు. అరగంట యాగి, చిటికెడు వంటసోడా కలిపి, నిమ్మకాయంత ముద్దలు చేసి కొంచెము అదిమి, నూనె 175, 180 డిగ్రీల వేడిలో వేయించవలెను. నూనె కాగకున్న ముద్ద నూనె త్రాగును. మితిమీరి కాగిన పైన మాడి లోపల పచ్చిగా నుండును. నువ్వులు నూరి నిమ్మరసము కలిపిన పచ్చడితో వెంటనే తినవలెను. చల్లారిన ఫలాఫెల్ ఫలాఫెల్ కాదు.

అంగడిలో కొనువారు చూడవలసినవి మూడు: అడిగిన పిమ్మట వేయించుచున్నాడా, విరిచిన లోపల ఆకుకూర పచ్చదనము కనబడుచున్నదా, నూనె నల్లబడి కమురు వాసన వేయుచున్నదా. మరియొక హెచ్చరిక. రక్తములో జి6పిడి అను ఎంజైము పుట్టుకతోనే కొరవడిన వారికి ఫూల్ గింజ ఎర్రకణములను పగులగొట్టి ప్రమాదము తెచ్చును. అట్టివారు శనగలతో చేసినదేనా యని యడిగి తెలిసికొని మరి తినవలెను.

తల్లులారా, ఒక్క ప్రశ్న. శనగపప్పు వడకు పప్పును ఉడికించువారు మీలో నెవరైన కలరా? గారెలకు మినపపప్పును ఉడికించువారు కలరా? లేరు. నానబెట్టి, నీరు వార్చి, గట్టిగా రుబ్బుట మీ చేతులకు పుట్టినింటనే వచ్చిన విద్య. పేరు పరదేశపుదైనంతనే ఆ విద్యను ప్రక్కకు నెట్టి, పొట్లముపై అచ్చువేసిన మాటను నమ్ముచున్నాము. మీ చేతిలో నున్న విద్యకు ఒక్క కొరత కలదు: అది యెందుకట్లు చేయవలెనో మనము పిల్లలకు చెప్పము. "అట్లే చేయవలె" నందుము. కారణము తెలియని పిల్ల ఒక్క వడను మాత్రమే నేర్చును. కారణము తెలిసిన పిల్ల వడనుండి ఫలాఫెలును తానే కనుగొనును.

కావున ఈ సెలవులలో ఆడపిల్లలనే గాక మగపిల్లలను గూడ రోలు చెంతకు పిలువుడు. రాత్రి వారి చేతనే శనగలు నానబోయించుడు. తెల్లవారి వారడుగు ప్రశ్నలకు విసుగక బదులు చెప్పుడు. మీకు తెలియని కారణములను మావద్దకు పంపుడు, తరగతిలో విచారింతుము.

సెలవు.