వేగయంత్రము మందయంత్రముగ నటించుట



కొంతకాలము క్రిందట మా కోనరావుపేట ప్రాంతమున నొక వృద్ధ రైతునకు తోడుగ నేనొక ధ్రువపత్రమునకై పోయితిని. అచ్చటి కంప్యూటరు పాతది. అది వివరములను కూర్చి దూరమందలి యంత్రమునకు పంపునంతలో, "గడువు దాటినది" యని ఆ యంత్రము పనిని విడిచెను. ముమ్మారు లట్లే జరిగెను. రైతు ఒకనాటి పొలముపని చెడి వట్టిచేతులతో నింటికి మరలెను. ఈ ప్రోగ్రామును వ్రాసినవారు ఇంత మందమైన యంత్రముపై దీనిని పరీక్షించిరా యని నాటినుండి నాకు సందేహము. ఆ పరీక్ష యెట్లు చేయుదురో నేడు మనవిచేసెదను.

పెద్ద లెక్కను ముక్కలుచేసి పెక్కు కంప్యూటర్లకు పంచి, ఫలితములను తిరిగి కూర్చుట నేడు వాడుకలో నున్నది. మనకిది వింతగాదు. 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరల నేత సిరిసిల్ల మరమగ్గములకు పంచబడినది. మగ్గములన్నియు నొకే వేగమున నడువవు. అన్నిటికి సమానముగ పంచినచో వడిగల మగ్గము నూలు లేక నిలుచును. మందమగ్గము గడువు దాటించును. తుదిచీర దిగువరకు సరుకు పూర్తికాదు. కంప్యూటర్ల పనియు నట్టిదే. 1999లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమువారు, ఆకాశమునుండి వచ్చు రేడియో సంకేతముల పరిశీలనను గృహస్థుల కంప్యూటర్లకు పంచుట మొదలిడిరి. అవి లక్షలకు పెరిగినవి. కాని సమానములు గావు.

పరిశోధనాలయములందలి యంత్రములు సాధారణముగ నొకే జాతివి, ఒకే వేగము గలవి. అసమాన యంత్రములను వెదకి తెచ్చుట కష్టము. తెచ్చినను అదే ప్రయోగమును అదేవిధముగ మరల చేయుట కష్టతరము. అందుచేత వేగయంత్రమునే మందయంత్రముగ నటింపజేయుదురు. ఫ్రాన్సు దేశమున నాన్సీ నగరపు పరిశోధకులు 2010 ప్రాంతమున ఈ మార్గములను సరిపోల్చి చూచిరి.

మొదటిది, ప్రాసెసరు గడియారవేగమును తగ్గించుట. మగ్గపు మోటారును మెల్లగ త్రిప్పినట్లు. కాని దీనికి కొన్ని మెట్లే యుండును. నడిమి వేగము కావలెనన్న రెండు మెట్లనడుమ త్వరత్వరగ మార్చుచుండవలెను.

రెండవది, ప్రోగ్రామును ఆపుచు విడుచుచుండుట. సెకనునకు 300 కోట్ల స్పందనములుగల యంత్రము 100 కోట్లదిగ తోపవలెనన్న, కాలములో మూడింట రెండువంతు లాపవలెను. ఇందొక లోపము. జవాబునకై నిదురించి లేచిన ప్రోగ్రాము, మిగిలిన వాటాను ఒక్కమారు వాడుకొని, నిజమైన మందయంత్రముకంటె వడిగ పరుగిడును.

మూడవది, పనికిమాలిన యొక పనికి పెద్దపీట వేసి, ప్రాసెసరు కాలములో కొంతభాగము దానిచే తినిపించుట. ప్రాసెసరునందు పెక్కు కోరులున్నచో, ఈ తిండిపోతులందరు ఒకే క్షణమున లేచి ఒకే క్షణమున కూర్చుండవలెను. లేనియెడల ప్రోగ్రాము ఖాళీ కోరునకు జారుకొనును, కొలత తప్పును.

ఏ మార్గమును సంపూర్ణము గాదు. గడియారము తగ్గినను మెమరీ వేగము అంతగ తగ్గదు. పాతయంత్రమున రెండును మందములే. కావున నటనలో తేలిన ఫలితమును ఒకమారు నిజమైన పాతయంత్రముతో సరిచూచుట మేలు.

పెద్దలారా! ఊరికి క్రొత్త యంత్రసేవ వచ్చినపుడు, "మా యూరి యంత్రమంత మందమైనదానిపై దీనిని నడిపి చూచితిరా?" యని యడుగుడు. ఈ ప్రశ్నకు ఇంగ్లీషు చదువు అక్కరలేదు. పట్టణమున క్రొత్తయంత్రముపై నడచినదను మాట మనకు సమాధానము గాదు. ఆ ప్రశ్న ముందే యడిగినవా రుండినచో, ఆ రైతు ఆనాడు పొలమునందే యుండెడివాడు.