ఫారం దగ్గరే ఆగిపోతున్నవారు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. ఈ సభలో కంప్యూటర్ల మాట ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ మీరిచ్చే డబ్బుకూ ప్రభుత్వ వెబ్‌సైట్లకూ దగ్గరి సంబంధమే ఉంది. ఫీజు సాయం కోసం మన దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు అర్హులే. దరఖాస్తు పూర్తి కాకనే ఇటు వస్తున్నారు.

మన పేర్లనే చూడండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'ఎస్‌కే', ఆధార్‌లో 'షేక్', బ్యాంకు పాసుపుస్తకంలో అదే షేక్‌కు ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువ. మనిషి ఒక్కడేనని ఊరందరికీ తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. 'ఎండీ' అని ఒకచోట, 'మహమ్మద్' అని ఇంకోచోట ఉన్నవాళ్లదీ ఇదే తిప్పలు. పిల్లవాడు బడికీ బ్యాంకుకీ మీసేవకీ తిరుగుతుంటే గడువు దాటిపోతుంది. వెంట తిరిగిన తండ్రికి అన్ని రోజుల కూలీ పోతుంది. ఇంత జరిగాక "వీళ్లకు ఫారం నింపడం రాదండీ" అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను.

దీన్ని బాగు చేసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో పేదలకిచ్చే ఆహార సాయాన్ని కాలిఫోర్నియాలో కాల్‌ఫ్రెష్ అంటారు. అక్కడి పాత వెబ్‌సైట్లలో ఒకదానిలో దరఖాస్తు 50కి పైగా తెరలు ఉండేది. ముప్పావు గంట కూర్చోవాల్సి వచ్చేది. ఫోన్‌లో సరిగా పనిచేసేది కాదు. కంప్యూటర్ లేని ఇంటికే కదా ఆ సాయం కావలసింది! కోడ్ ఫర్ అమెరికా అనే సేవాసంస్థ యువకులు 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈ పని మీద కూర్చున్నారు. ముందు తామే పథకంలో చేరి చూశారు. ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాలు చదువుకున్న తమకే అర్థం కాలేదు. సాయం ఆగిపోయిందన్న సంగతి కొందరికి సరుకుల కొట్టులో డబ్బు కట్టేటప్పుడు గానీ తెలియడం లేదు.

వాళ్లు పాత సాఫ్ట్‌వేర్‌ను పీకి పారేయలేదు. ఆ అధికారమూ వాళ్లకు లేదు. దాని ముందు ఒక చిన్న ఫారం పెట్టారు. ఫోన్‌లో సుమారు పది నిమిషాల్లో అయిపోయేది, కాగితాలు ఫొటో తీసి పంపే వీలుండేది. ఆ జవాబులను పాత సైట్‌లో ఎక్కించే పని ఒక ప్రోగ్రాం చేసేది. తర్వాత అది రాష్ట్రంలోని 58 కౌంటీలకూ చేరింది.

డబ్బు పోస్తే ఇవి బాగుపడతాయనుకోకండి. అదే 2013లో అమెరికా ప్రభుత్వం కోట్ల డాలర్లతో ఆరోగ్య బీమా వెబ్‌సైట్ తెరిస్తే, మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురే. దరఖాస్తుదారు పక్కన కూర్చుని, వాళ్ల వేలు ఎక్కడ ఆగుతోందో చూడటం చౌకైన పని. చేసేవాళ్లే తక్కువ.

ప్రభుత్వ సైట్‌ను మనం మార్చలేం. మన సొసైటీ ఫారం మాత్రం మన చేతిలోనే ఉంది. అందులోనూ ఆదాయ ధ్రువపత్రం అడుగుతున్నాం, పేరు అక్షరం తేడా ఉంటే తిప్పి పంపుతున్నాం. వచ్చే దరఖాస్తుల కాలానికి ముందు ఒక ఆదివారం అయిదుగురు తల్లులను పిలుద్దాం. ఫారం వాళ్ల చేతికిచ్చి, మనం నోరు మెదపకుండా పక్కన కూర్చుందాం. ఏ ప్రశ్న దగ్గర కలం ఆగుతుందో రాసుకుని, ఆ కాగితాన్ని కార్యవర్గం ముందు పెడదాం. దాతలు కూడా ఇద్దరు ముగ్గురు వస్తే బాగుంటుంది.