పప్పు తింటే చీము పడుతుందా?
(సర్జికల్ వార్డులో రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగం)

డాక్టరు గారు రౌండ్సుకి వచ్చేలోగా ఒక పావుగంట మీతో మాట్లాడతాను. వెనక నిలబడ్డవాళ్ళు కొంచెం ముందుకు రండి.

మొన్న డ్రెస్సింగ్ చేస్తుంటే ఒక అత్తగారు నన్ను పక్కకు పిలిచి, "సిస్టరు గారూ, మా కోడలికి చారన్నం తప్ప ఏమీ పెట్టలేదు. పప్పు ముట్టనివ్వలేదు, గుడ్డు ముట్టనివ్వలేదు. అయినా కుట్ల దగ్గర చీము ఎందుకు పట్టిందండీ?" అని అడిగింది. ఆపరేషన్ అయి అప్పటికి పది రోజులు. పాపం, ఆమె ప్రేమతోనే చేసింది. మా అమ్మ కూడా అలాగే చేసేది.

చీములో పప్పు ఉండదమ్మా. అందులో ఉండేవి చచ్చిపోయిన తెల్ల రక్త కణాలు, క్రిములు, కుళ్ళిన కండ. చర్మం తెగగానే ముందు రక్తం గడ్డకట్టి ఆ చోటు మూస్తుంది. కొద్ది గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు రక్తనాళాల గోడల్లోంచి బయటికి దూరి గాయం దగ్గరకు చేరతాయి. క్రిములను మింగి చంపుతాయి, ఆ పనిలో అవీ చస్తాయి. క్రిములు ఎక్కువగా చొరబడితే చచ్చిన కణాలూ ఎక్కువై కుప్పపడతాయి. అదే చీము. మొదటి రెండు మూడు రోజులు గాయం చుట్టూ కొంచెం ఎర్రగా, వెచ్చగా, వాపుగా ఉండడం కూడా ఈ కణాలు పని చేస్తున్నందుకే. దానికి బెదిరిపోనక్కర్లేదు.

ఈ సంగతి మొదట గమనించినవారిలో రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ ఒకరు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఉన్నప్పుడు, ఆయన తోటలోంచి గులాబి ముళ్ళు తెచ్చి, గాజులా కనిపించే నక్షత్ర చేప పిల్లలకు గుచ్చారు. తెల్లవారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన కాలిలో ముల్లు విరిగినప్పుడు జరిగేదీ అదే. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వస్తాయి. ఆ పేరుకు పెద్ద తిండిపోతులని అర్థం. చచ్చిన కణాలను, కుళ్ళిన కండను తినేసి చోటు శుభ్రం చేస్తాయి. ఆ తరువాత కొత్త రక్తనాళాలను, కండ అల్లే కణాలను రమ్మని రసాయనాలు వదులుతాయి. 1975లో గినీ పందుల మీద చేసిన పరిశోధనలో మాక్రోఫేజ్‌లు లేకుండా చేస్తే గాయం మానడం ఆలస్యమైంది. షుగర్ అదుపులో లేనివారిలో ఈ కణాలన్నీ మందకొడిగా ఉంటాయి. మాక్రోఫేజ్‌లు శుభ్రం చేసే దశలోనే ఇరుక్కుపోయి, కట్టే పనికి రావు. అందుకే కాలి పుండు నెలలు పడుతుంది.

ఇంత పని చేసే కణాలకు తిండి కావాలి కదా. కణాలూ, కొత్త కండలోని కొల్లాజెనూ మాంసకృత్తులతోనే తయారవుతాయి. పప్పు, గుడ్డు, పాలు, చేపలు మానిపిస్తే గాయాన్ని పస్తు పెట్టినట్టే. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. జామకాయ, ఉసిరి, నిమ్మకాయ కూడా పెట్టండి, కొల్లాజెన్‌కు విటమిన్ సి కావాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు గారిని అడిగి తినాలి.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ప్రతి గాయం మీదా రోజూ పెరాక్సైడ్ పోసి, నురగ వస్తే బాగా శుభ్రమైందని మురిసిపోయేదాన్ని. అది క్రిములతోపాటు మంచి కణాలనూ చంపుతుందని తరువాత తెలిసింది. కాఫీ పొడి, బూడిద, సున్నం, టూత్‌పేస్టు అయితే ఇంకా అన్యాయం. వాటిని కడిగి తీయడానికే మాకు అరగంట, రోగికి నరకం.

ఇక మచ్చ సంగతి. ఆడపిల్లల తల్లులు దీని గురించే ఎక్కువ అడుగుతారు. నోట్లో బుగ్గ కొరుక్కుంటే మచ్చ దాదాపు పడదు, గమనించారా? అక్కడ వాపు తక్కువ, మానడం త్వరగా జరుగుతుంది. చర్మం మీద క్రిములు పట్టినా, పక్కు పదే పదే గీకినా తెల్ల కణాలు వెళ్ళకుండా అక్కడే ఉండిపోతాయి, కొల్లాజెన్ అతిగా పేరుకుంటుంది. కాలిన గాయం మూడు వారాలు దాటి మానితే మచ్చ ఉబ్బెత్తుగా వచ్చే అవకాశం ఎక్కువ. కొందరికి చెవి తమ్మె, ఛాతీ, భుజం మీద మచ్చ గాయం హద్దు దాటి పెరుగుతుంది. అది కీలాయిడ్. కోసి తీస్తే మళ్ళీ రావచ్చు, కాబట్టి ఊళ్ళో ఎవరి చేతా కోయించకండి.

ఇంకొకటి. పైకి మానినట్టు కనిపించినా మూడు వారాలకు కొత్త చర్మానికి పాత బలంలో ఐదో వంతే వస్తుంది. మూడు నెలలకు కూడా 80 శాతం దాటదు. అందుకే బిందె ఎత్తవద్దని చెబుతాం.

ఎరుపు పాకుతున్నా, నొప్పి తగ్గాల్సింది పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, వాసన వచ్చినా రాత్రయినా సరే డ్యూటీ సిస్టరుకు చెప్పండి. చేతులు కడుక్కోకుండా కట్టు ముట్టుకోవద్దు.

ఆ కోడలికి చీము తీసి కడిగాం, మందులు నడుస్తున్నాయి. నిన్న మధ్యాహ్నం అత్తగారే ముద్దపప్పు కలిపి తినిపిస్తుంటే చూశాను. అడుగున ఎర్రని కండ కొంచెం కనిపిస్తోంది. శుక్రవారం మళ్ళీ విప్పి చూస్తాం.