పోచారం దారి తాతలకు తెలుసు



పోయిన చలికాలం మన పిల్లలతో కలిసి పాపికొండలు చూసొచ్చాను. గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కాం. 2008లో జాతీయ పార్కు అయిన ఆ అడవి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే. పెద్దపులి, అడవిదున్న తిరిగే చోటు. బోటులో పాటల మోతకు మాకు ఒక్క కోతి కూడా కనబడలేదు.

పేరంటాలపల్లిలో వెదురుతో పూలు చేసి అమ్మే ఒక కొండరెడ్డి పెద్దాయన, మీ ఊరి దగ్గర అడవి లేదా అని అడిగాడు. ఉందన్నాం. అందులో ఏమేం తిరుగుతాయని అడిగితే మనోడొకడు ఫోన్ తీసి వెతకబోయాడు. నాకు సిగ్గేసింది.

మెదక్ నుంచి పదిహేను కిలోమీటర్లే మన పోచారం. 1916-22 మధ్య కట్టిన చెరువు, దాన్ని ఆనుకొని 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. మనం పోయేది అలుగు దుంకినప్పుడు, అదీ సెల్ఫీకి.

తిరిగొచ్చాక ఫారెస్టు వాళ్ల అనుమతి తీసుకొని, ఒకప్పుడు అక్కడ పశువులు కాసిన మా మామను వెంటబెట్టుకొని పొద్దున్నే పోయాను. ఆయన నేల చూసి నడుస్తాడు. ఒకచోట పెంటికలు కుప్పగా ఉంటే, మనుబోతు రోజూ అక్కడికే వస్తుందన్నాడు. తవ్విన పుట్ట చూపించి, చెదల కోసం ఎలుగు చేసిన పని అన్నాడు. కొండముచ్చు ఉన్నట్టుండి ఖక్‌మని అరిస్తే ఆగమన్నాడు. చిరుత కదిలినా అట్లనే అరుస్తదట. మాకు చిరుత కనబడలేదు, కానీ ఆ కాసేపు ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. చెరువులో తల మీద రెండు నల్లపట్టీలున్న బాతులు దిగి ఉన్నాయి. హిమాలయాలు దాటి వచ్చే పక్షులవి.

వచ్చేదారిలో మామ ఒక మాట అడిగాడు. మన పశువులను ఇక్కడ ఎందుకు ఆపారని. సమాధానం మీకూ తెలియాలి. 1972 చట్టం ప్రకారం జాతీయ పార్కులో మేపడం పూర్తిగా బంద్. అభయారణ్యంలో అధికారులు కట్టడి చేయొచ్చు, ఆపనూవచ్చు. ఆ రెండిట్లోనూ 2006 అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది. గ్రామసభ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే హక్కుదారులను అక్కడి నుంచి కదిలించకూడదు. పార్కు చూడబోయే పిల్లలకు జంతువుల పేర్లు చెప్తారు, ఈ సంగతి చెప్పరు.

మనవాళ్లు లదేణి కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దక్కన్ అంతా దారులు వేశారు. మామకు డెబ్బై దాటాయి. మోకాళ్లు నొప్పులు. ఇంకో రెండు చలికాలాలు నడుస్తాడేమో.

వచ్చే ఆదివారం పొద్దున అయిదింటికి బస్టాండు దగ్గర కలుద్దాం. అనుమతి సంగతి నేను చూస్తాను. ఒక్కొక్కరు ఇంట్లోంచి ఒక తాతనో నానమ్మనో తీసుకురండి. స్పీకర్లు మాత్రం వద్దు.