యున్నాన్ యాత్రికులకు కొన్ని సూచనలు

నైరుతి చైనాలోని యున్నాన్ రాష్ట్రమునకు పోవువారు మొదట గమనింపవలసినది ఎత్తు. సముద్రమట్టమునకు కున్‌మింగ్ సుమారు 1,900 మీటర్లు, లిజియాంగ్ 2,400, షాంగ్రిలా 3,200 మీటర్లకు పైని ఉన్నవి. 2023లో రైలుమార్గము తెరువబడుటచే లిజియాంగ్ నుండి షాంగ్రిలాకు రెండు గంటలలోపుననే చేరవచ్చును. కాని దేహము అలవాటుపడుటకు దినములు పట్టును. మేము కున్‌మింగ్ నుండి ఒక్క దినముననే పైకి పోయి, రాత్రియంతయు తలనొప్పితోను వాంతులతోను వేగితిమి. కావున లిజియాంగ్‌లో రెండు రాత్రులైనను నిలువుడు. కాచిన నీరే త్రాగుడు. ఆయాసము హెచ్చినచో క్రిందికి దిగుటకు సిగ్గుపడకుడు.

శాకాహారులు ‘వో చీ సూ’, అనగా ‘నేను శాకాహారిని’ అను మాట నేర్చుకొనవలెను. మిత్రుల యిండ్లలో దిగినవారు 24 గంటలలోపుగా పోలీసు ఠాణాలో పేరు నమోదు చేయించుకొనవలెను. హోటళ్లవారు ఆ పని తామే చేయుదురు.